పులికాట్ ఒడ్డున గులాబిరంగులో పూసేది గలిజేరేనా? ఒకే పేరు కింద తిరుగుతున్న నాలుగు మొక్కల సంగతి

చలికాలంలో ఫ్లెమింగోలు చూద్దామని తిరుపతి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కే వాళ్లకి పక్షులు చాలాసార్లు దూరంగానే ఉండిపోతాయి గానీ, కారు దిగి నిలబడితే కాళ్ల దగ్గర మాత్రం ఒక మొక్క కనపడతా ఉంటాది. పులికాట్ సరస్సు ఒడ్డు బురదనేల మీద పాకుతూ, ఎర్రటి కాడలు, లావుగా నున్నగా ఉండే ఆకులు, మధ్యమధ్యలో గోరంత గులాబిరంగు పువ్వులు. దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఇంక చూడండి. పెద్దమ్మ "అది గలిజేరు రా, కిడ్నీలకి మంచిది" అంటాది, మామ "గలిజేరు కాదు పునర్నవ" అంటాడు, చెన్నైలో ఉండే బావ "గంగవాయిల కూర, మేం పప్పులో వేస్తాం" అంటాడు, ఎవరో ఫోన్లో గూగుల్ లెన్స్‌లో పెట్టి నోరు తిరగని లాటిన్ పేరొకటి పంపిస్తారు, ఆ పేరు చివర్లో పోర్చులకాస్ట్రమ్ అని ఉంటాది కాబట్టి పోర్చులాకా అంటే గంగవాయిలే కదా అని బావ గెలిచినట్టు ఫీలైపోతాడు.

ఆ ఫోటోలోది గలిజేరు కాదు, పునర్నవ కాదు, గంగవాయిల కూర అసలే కాదు. దాని పేరు వంగరెడ్డి కూర, సైన్సు పేరు సెసూవియం పోర్చులకాస్ట్రమ్. అయితే ఇంతమంది పొరబడ్డానికి కారణం ఉంది, పైగా యూట్యూబ్‌లో "గలిజేరు తింటే కిడ్నీ జబ్బు మాయం" అనే వీడియోలు తిరిగే రోజుల్లో ఏది ఏదో తేల్చుకోకపోతే విషయం వంటింటి దాకా వచ్చేస్తాది. ఇంకో సంగతి, 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడే సూళ్లూరుపేట, తడ, వాకాడు పక్క ఊర్లు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు ఉమ్మడి చిత్తూరు జిల్లాకి సముద్రమే లేదు. కాబట్టి మనకి తెలిసిన మొక్కల పేర్లన్నీ చేలగట్టు పేర్లు, వాటినే తీసుకెళ్లి ఉప్పునేల మొక్కకి పెట్టేస్తున్నాం.

గలిజేరు అంటే ఎవరి లెక్కలో ఏది

చిత్తూరు పక్క రైతుకి గలిజేరు మీద డౌటేమీ ఉండదు. వానలు పడంగానే శెనక్కాయ చేలో, గెనిమల మీద, పేడదిబ్బల దగ్గర గుండ్రాకులతో నేలంతా పరుచుకునే కలుపు అది. కలుపు తీసేటప్పుడు లేత కొసలు గిల్లి ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చి పప్పులో వేసి ఎనుపుతారు. దీని సైన్సు పేరు ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్, అంబటిమాడు అని కూడా అంటారు. దీంట్లోనే కాడ పచ్చగా ఉండి తెల్లగా పూసేది ఒకటి, కాడ ఎరుపు తిరిగి గులాబిగా పూసేది ఒకటి ఉంటాయి. వృక్షశాస్త్రంలో రెండూ ఒకటే జాతి, జనం మాత్రం తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు అని విడగొట్టి చెప్తారు.

ఇక్కడిదాకా గొడవ లేదు. ఇంకో ఊరికి పోతే ఎర్ర గలిజేరు అంటే ఈ ట్రయాంథిమా కానే కాదు, అటికమామిడి. దాని సైన్సు పేరు బోయర్‌హేవియా డిఫ్యూజా, హెర్మన్ బోయర్‌హావ్ అనే డచ్ వైద్యుడి పేరు మీద పెట్టారు. ఆయుర్వేదంలో పునర్నవ అంటే ఇదే, దేశంలో ఆయుర్వేద మందులకి ప్రమాణంగా పెట్టుకున్న ఫార్మకోపియా కూడా పునర్నవ పేరుకి ఈ మొక్కనే చూపిస్తాది. మరి తెల్ల పునర్నవ ఏది? ఇక్కడ వైద్యుల్లోనే రెండు మాటలు ఉన్నాయి. మన తెల్ల గలిజేరే తెల్ల పునర్నవ అని కొందరంటారు, లేదు, అటికమామిడి ప్రజాతిలోనే తెల్లగా పూసేది వేరే ఉంది, దాన్నే వాడాలి అని ఇంకొందరంటారు. మొదటి వాళ్ల దగ్గర తరతరాల వాడుక ఉంది, రెండో వాళ్ల దగ్గర ఒకే మందుకి ఒకే ప్రజాతి ఉండాలనే తర్కం ఉంది. ఈ గొడవ తెగనందుకే ఎండు మూలికల వ్యాపారంలో పునర్నవ బదులు గలిజేరు, లేదా రెండూ కలిపి రావడం మామూలైపోయింది.

ప్రజాతి, జాతి అన్నాను కదా, టెన్త్ క్లాసు బయాలజీ మర్చిపోయినవాళ్ల కోసం ఒక్క ముక్క: లాటిన్ పేరులో మొదటి మాట ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాల గుంపు, రెండోది ఆ గుంపులో ఈ ఒక్క జాతికి పెట్టిన పేరు. చాలా ప్రజాతులు కలిస్తే కుటుంబం.

లాటిన్ పేరు చూసినా చిక్కు తీరదు, ఎందుకంటే

లోకల్ పేర్లు గందరగోళం, సైన్సు పేరైతే క్లియర్‌గా ఉంటాది అంటారు కదా, ఈ విషయంలో సైన్సు పేరే జాస్తి కన్ఫ్యూజ్ చేస్తాది. మన శెనక్కాయ చేలో గలిజేరుకీ, పులికాట్ ఒడ్డున వంగరెడ్డి కూరకీ రెండో మాట ఒకటే, పోర్చులకాస్ట్రమ్. చూడ్డానికి గంగవాయిల కూరలాగా ఉండేది అని ఆ మాటకి అర్థం. మొక్కలకి ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వంగరెడ్డి కూరని గంగవాయిల ప్రజాతిలోనే పెట్టేశాడు, 1759కల్లా తీసి సెసూవియంలో వేశాడు. రెండో మాట మాత్రం అట్లే ఉండిపోయింది. అంటే లెన్స్ చూపించిన పేరులో రెండో ముక్క పట్టుకుని వాదించే మన బావ చేసే పనే మొదట్లో లిన్నేయసూ చేశాడన్నమాట.

ఇప్పటి లెక్క ప్రకారం వంగరెడ్డి కూర, గలిజేరు రెండూ ఐజోయేసీ అనే కుటుంబంలోవి, దగ్గరి చుట్టాలు. గంగవాయిల కూరది పోర్చులకేసీ. అటికమామిడిది నిక్టాజినేసీ, అంటే కాగితంపూల చెట్టు, చంద్రకాంత మొక్కల కుటుంబం. గలిజేరుకీ అటికమామిడికీ జనం ఒకే పేరు పెట్టారు గానీ చుట్టరికం మాత్రం దూరందే.

ఆకుని చూసి తేల్చేయొచ్చు అనుకోవడం దగ్గరే తప్పుదారి

మొక్క చూడంగానే అందరి కన్ను ఆకు మీదికే పోతాది. లావుగా ఉంటే గంగవాయిల, గుండ్రంగా ఉంటే గలిజేరు, సన్నగా ఉంటే ఇంకోటి. ఉప్పునేలలో ఈ లెక్క కుదరదు. సముద్రం నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటాది. పులికాట్‌లో అంత ఉండాలని లేదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి కాళంగి లాంటి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తే ఉప్పదనం తగ్గుతాది, ఎండాకాలం నీళ్లు ఇగిరిపోతే పెరుగుతాది. అక్కడ బతకాలంటే మొక్క ఆ సోడియాన్ని ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. వంగరెడ్డి కూర దాన్ని ఆకు కణాల లోపల సంచుల్లాగా ఉండే రిక్తికల్లో నింపుకుని, దాంతోపాటు నీళ్లు కూడా పట్టి పెట్టుకుంటాది. ఆకు లావుగా ఉండేది అందుకే.

కాబట్టి ఆకు లావు అనేది ఆ మొక్క ఎక్కడ పెరిగిందో కూడా చెప్తాది. ఒకటే జాతి కాలవ పక్కన ఒకలాగా, ఎండిన ఉప్పు మట్టిలో ఇంకోలాగా కనపడొచ్చు. రంగు అయితే మరీ మోసం, ఎండ జాస్తి తగిలినా ఉప్పు జాస్తి అయినా కాడలు, ఆకులు ఎర్రబడతాయి, "ఎర్రగా ఉంది కాబట్టి ఎర్ర గలిజేరు" అనేది వినడానికి బాగుంటాది అంతే. పైగా అదే బురదలో సువేడా అనే ఇంకో లావాకు మొక్క, మనవాళ్లు ఇలకూర అంటారు, కూడా ఎర్రబడి కనపడతాది. అయితే దాని ఆకులు సన్నగా పుల్లల్లాగా ఉండి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పువ్వులు పచ్చగా కంటికి ఆననంత చిన్నవి, కాబట్టి పూసిన వంగరెడ్డి కూరతో దానికి పోటీ లేదు.

ఆకులో నమ్మదగింది ఒకటుంది, ఆకారం కాదు, అమరిక. కాడ మీద ఆకు పుట్టే చోటుని కణుపు అంటాం కదా, ఒక్కో కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులు ఉన్నాయా, ఒక్కటే ఉందా, రెండుంటే రెండూ ఒకే సైజా అనేది చూడాలి. గలిజేరులో, అటికమామిడిలో జతలో ఒక ఆకు పెద్దది ఒకటి చిన్నది ఉంటాది, ఈ తేడా కొట్టొచ్చినట్టు కనపడతాది. వంగరెడ్డి కూరలో రెండూ దాదాపు సమానం, పొడుగ్గా సన్నగా, కొస వైపు కాస్త వెడల్పు. గంగవాయిలలో చాలావరకు ఆకులు ఒకటొకటిగా వచ్చి కొమ్మ చివర గుంపుగా చేరతాయి.

పువ్వు ఎక్కడ కూర్చుందో చూస్తే సగం పని అయిపోతాది

అసలు సంగతి ఇక్కడుంది. ఈ నాలుగు మొక్కల్నీ విడగొట్టేది పువ్వు రంగు కాదు, పువ్వు కూర్చునే చోటు.

గలిజేరులో ఆకు తొడిమ అడుగున కాడని పట్టుకుని ఒక చిన్న సంచిలాంటిది ఉంటాది, పువ్వుకి తొడిమే ఉండదు, ఆ సంచిలో దాక్కుని కొస మాత్రం బయటపెడతాది. అది కూడా పొద్దున కొన్ని గంటలే విచ్చుకుంటాది. అందుకే సాయంత్రం చేలోకి పోయి ఫోటో తీసినవాళ్లకి "దీనికి పువ్వే లేదు" అనిపిస్తాది. వంగరెడ్డి కూరలో పువ్వు కూడా ఆకు పంగలోనే, ఒక్కొక్కటే పూస్తాది, కానీ దానికి స్పష్టంగా తొడిమ ఉంటాది, పువ్వు బయటికి వచ్చి నిలబడి కనపడతాది. అటికమామిడిలో సన్నటి పొడుగు కాడలు కొమ్మలు కొమ్మలుగా చీలి, వాటి చివర ఆవగింజంత ఎర్ర గులాబి పువ్వులు గుంపులుగా ఉంటాయి. గంగవాయిలలో కొమ్మ కొసన, ఆకుల గుంపు మధ్యలో పసుపు పువ్వు, ఎండ బాగా వచ్చాక తెరుచుకుంటాది.

ఇంకొంచెం లోపలికి పోతే మజా వస్తాది. వంగరెడ్డి కూర పువ్వుకి మనం రేకులు అనుకునే అయిదూ నిజానికి ఆకర్షణ పత్రాలు (అసలు పూరేకులు) కావు, రక్షక పత్రాలే, అంటే మొగ్గని బయటినుంచి కప్పి ఉంచేవి. లోపలివైపు గులాబి, వెనక తిప్పి చూస్తే పచ్చగా ఉంటాయి, కొస దగ్గర వెనకవైపు చిన్న కొమ్ములాంటి మొన కూడా ఉంటాది. ఈ పచ్చటి వెనకభాగం ఒక్క ఫోటోలో పడితే చాలు, గంగవాయిల వాదన అక్కడే ఆగిపోతాది, ఎందుకంటే గంగవాయిలలో రక్షక పత్రాలు రెండే, పసుపు రేకులు వేరేగా ఉంటాయి. వంగరెడ్డి కూరలో కేసరాలు (పుప్పొడి ఉండే పోగులు) బోలెడు, మధ్యలో కీలాలు (కాయ అయ్యే భాగం మీద నిలబడే పోగులు) మామూలుగా మూడు, గలిజేరులో కీలం ఒక్కటే. కాయ విషయంలో వంగరెడ్డి కూర, గలిజేరు, గంగవాయిల మూడింటిదీ ఒకటే పద్ధతి, పండినాక పైభాగం మూతలాగా ఊడి లోపల నల్ల గింజలు బయటపడతాయి. అటికమామిడికి మూత లేదు గీత లేదు, ఒకటే గింజ ఉండే జిగురు కాయ, గీరలు తేలి ఉంటాది, పంచెకో చీరకుచ్చెళ్లకో అంటుకుని ఊరంతా తిరుగుతాది.

మూడు మొక్కలు పట్టుకుని తేల్చి చూద్దాం

మొదటిది సూళ్లూరుపేట, శ్రీహరికోట మధ్య రోడ్డు పక్క ఫోటో. గులాబి పువ్వు కాబట్టి గంగవాయిల పోయింది అనేస్తే తొందరపాటు, తోటల్లో పెంచే పోర్చులాకాలు గులాబివి కూడా ఉంటాయి, రంగుని పక్కన పెట్టండి. ఆకులు ఎదురెదురుగా, సమానంగా ఉన్నాయి, ఇక్కడ గలిజేరూ అటికమామిడీ రెండూ బలహీనపడ్డాయి. పువ్వు ఆకు పంగలో ఒక్కటే ఉంది, తొడిమ కనపడతా ఉంది, అటికమామిడి పూర్తిగా అవుట్, సంచి లేదు కాబట్టి గలిజేరు కూడా అవుట్. రేకు వెనక పచ్చగా ఉంది, గంగవాయిల అవుట్. పాకే కాడ కణుపుల దగ్గర బురదలోకి వేళ్లు దించింది. సెసూవియం పోర్చులకాస్ట్రమ్, వంగరెడ్డి కూర.

రెండోది పలమనేరు పక్క చేలో కలుపు, దీన్ని కూడా యాప్ పోర్చులాకా అంది అనుకుందాం. గుండ్రాకులు, జతలో ఒకటి పెద్దది ఒకటి చిన్నది. పువ్వు కనపడలేదు, కానీ ఆకు తొడిమని మెల్లగా కాడ నుంచి లాగితే అడుగున పల్చటి సంచి, అందులో మొగ్గ. ఇంకేం చూడక్కర్లేదు, గలిజేరు. కాడ ఎర్రగా ఉన్నా పచ్చగా ఉన్నా జాతి మారదు.

మూడోది తిరుపతిలో ఏ ప్రహరీ గోడ పక్కనైనా దొరికేది. జతాకుల్లో పెద్దా చిన్నా తేడా ఉంది కాబట్టి గలిజేరు అనిపిస్తాది. కానీ ఆకు అడుగున తెల్లగా పాలిపోయి ఉంది, అంచులు అలలు తిరిగాయి, ఆకు లావు లేదు, పైన సన్న కాడల మీద చిన్న పువ్వుల గుంపులు, పీకబోతే లోతుగా దిగిన లావు తల్లివేరు. అటికమామిడి, అంటే పునర్నవ. గలిజేరు పేరుతో అమ్మినా ఇది గలిజేరు కాదు.

నాలుగోది కూడా చెప్పాలి, తక్కువ మాటల్లో. ఇట్లే నేలమీద పాకే చిన్నాకు మొక్కల్లో నానబాలు జాతులు ఉన్నాయి, రెడ్డివారి నానబాలు చుట్టాలు. కాడ తుంచితే తెల్లపాలు కారతాయి. పైన చెప్పిన నాలుగింట్లో దేనికీ పాలు ఉండవు. పాలొచ్చిందంటే అది కూర లిస్టులోది కాదు.

యాప్ చెప్పింది ఎంతవరకు నమ్మొచ్చు

దీని మీద రెండు పార్టీలు. యాప్ వచ్చాక మొక్కల మీద ఆసక్తి పెరిగింది, ఊరికే కలుపు అనుకున్నదానికి పేరు తెలిసింది అంటారు ఒకరు, అది నిజమే. ఫోటో చూసి ఊహించేదానికి పేరు అంటగట్టి అందరూ నిపుణులైపోయారు అంటారు ఇంకొకరు, అదీ నిజమే. యాప్ చేసే పని ఏందంటే, పేరు తెలిసిన బోలెడు ఫోటోలతో మన ఫోటోని పోల్చి ఏది దగ్గరుందో చెప్పడం. మన ఫోటోలో ఏముందో అదే దానికి ఆధారం. నిలబడి పైనుంచి తీసిన ఫోటోలో ఆకులు మాత్రమే పడతాయి, సంచి పడదు, తొడిమ పడదు, రేకు వెనకభాగం పడదు, మళ్లీ మనం ఆకుని నమ్మే దగ్గరికే వచ్చేశాం. అదే యాప్‌కి పంగ దగ్గరి క్లోజప్ ఇస్తే జవాబు మెరుగవుతాది.

మొక్కలు, జంతువుల ఫోటోలు పెట్టుకునే ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఇంకో పద్ధతి ఉంది, మెషీన్ సూచించినా మనుషులు ఓటేస్తారు, మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అంటే దానికి రీసెర్చ్ గ్రేడ్ వస్తాది. కానీ ఇద్దరే చూసి ఇద్దరూ తప్పు చెప్పినా ఆ ముద్ర పడిపోతాది. అందుకే శాస్త్రవేత్తలు ఇప్పటికీ హెర్బేరియం వదల్లేదు, ఎండబెట్టి అట్టకి అంటించిన మొక్క, దొరికిన చోటు, తేదీ రాసిపెట్టి ఉంటాది, యాభై ఏళ్ల తర్వాత డౌట్ వచ్చినా తీసి లెన్స్ కింద మళ్లీ చూడొచ్చు. మన తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్‌లోనే హెర్బేరియం ఉంది, చాలామందికి తెలీదు. అట్లని పులికాట్‌లో మొక్క పీక్కొచ్చుకోవడం మాత్రం కుదరదు, అది పక్షుల అభయారణ్యం, అక్కడ ఏది తీసుకోవాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పర్మిషన్ ఉండాల.

తినొచ్చా, కిడ్నీకి మంచిదా అనే దగ్గర

వంగరెడ్డి కూరని సముద్రతీరాల్లో తింటారు, ఉప్పగా ఉంటాది కాబట్టి నీళ్లు మార్చి మార్చి ఉడికించి ఉప్పు తీసేసి వండుతారు. విషమేం కాదు. కానీ ఇది మట్టిలోంచి సోడియంతోపాటు బరువు లోహాలు కూడా లాక్కుంటాది, కలుషితమైన నేలలు శుభ్రం చెయ్యడానికి పనికొస్తుందా అని దీని మీద పరిశోధనలు జరుగుతున్నది అందుకే. అంటే ఏ మొక్క అనేది ఎంత ముఖ్యమో ఎక్కడ పెరిగింది అనేది అంతే ముఖ్యం, రోడ్డు పక్కదీ మురుగు కాలవ పక్కదీ ఒకటి, శుభ్రమైన ఇసుక తిన్నె మీదిది ఒకటి.

కిడ్నీ సంగతికొస్తే, ఆయుర్వేదంలో పునర్నవని వాపులకి, మూత్రం సాఫీగా రావడానికి ఎప్పటినుంచో వాడుతున్నారు, ఆ సంప్రదాయాన్ని తీసిపారేయడానికి లేదు. కిడ్నీ డాక్టర్లు చెప్పేది ఇంకో వైపు: కిడ్నీ సరిగా పనిచెయ్యనివాళ్లు పొటాషియం, సోడియం లెక్కపెట్టుకుని తినాల, గలిజేరులో, గంగవాయిలలో ఆక్సలేట్లు (కిడ్నీ రాళ్లకి దారితీసే లవణాలు) కూడా బాగానే ఉంటాయి, అటికమామిడిలో పొటాషియం లవణాలు ఉంటాయి. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఒకటి వైద్యుడు మొక్క చూసి, మనిషిని చూసి, మోతాదు చెప్పి ఇచ్చేది, ఇంకోటి వీడియో చూసి రోజూ గ్లాసుడు రసం తాగేదాని గురించి. ఆ వీడియోలు చూసినప్పుడు నాకు చిరాకు తెప్పించేది ఏందంటే, చాలావాటిలో పునర్నవ గుణాలు చదువుతా చేతిలో గలిజేరు పట్టుకుని చూపిస్తారు. దాన్ని చూసి పులికాట్ దగ్గర వంగరెడ్డి కూర కోసుకునేవాళ్లకైతే బీపీ ఉన్నా తెలీకుండా ఉప్పే పోతాది లోపలికి.

పువ్వు లేని రోజుల్లో దొరికితే

అప్పుడు ఏం చెయ్యాలి అని అడిగితే, కణుపుల దగ్గర వేళ్లున్నాయా, జతాకులు సమానమా, తొడిమ అడుగున సంచి ఉందా, పాలు కారతాయా, ఇవి నాలుగూ చూస్తే చాలాసార్లు ప్రజాతి దాకా రావచ్చు. వాకాడు మండలం తూపిలిపాళెం బీచ్ లాంటి చోట్ల ఇసుకలో అయితే ఇంకో తికమక, బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు, వంగరెడ్డి కూర అన్నీ కలిసే పాకుతాయి. బాలబంద ఆకు కొస చీలి మేక గిట్టలాగా ఉంటాది, అంత పెద్ద ఊదా గులాబి గరాటు పువ్వు ఇంక దేనికీ లేదు కాబట్టి దాంతో పేచీ లేదు, రావణాసురుడి మీసాలు గడ్డి. మిగిలింది లావాకు, సమాన జతాకులు, కణుపు వేర్లు అయితే సెసూవియం అని రాసుకుని జాతి పేరు దగ్గర ప్రశ్నార్థకం పెట్టుకోవచ్చు. బోటనీ వాళ్లు ఫీల్డు నోట్‌బుక్‌లో చేసేది కూడా అదే, పువ్వు దొరికినప్పుడు మళ్లీ పోయి ఆ ప్రశ్నార్థకం కొట్టేస్తారు, లేదంటే పేరే మార్చేస్తారు.